డబ్బా మీద 1200, మేడ మీద 11

సీఎస్ఈలో చేరిన ప్రతి ఒక్కరికీ ఇంట్లో ఒక ఉద్యోగం దానంతటదే వచ్చేస్తుంది. జీతం ఉండదు, సెలవులు అసలే ఉండవు. ప్రింటర్ మొరాయిస్తే మనమే, అత్తయ్య ఫోన్లో స్టోరేజ్ నిండితే మనమే, "ఏ రౌటర్ కొనమంటావమ్మా?" అని పక్కింటి అంకుల్ అడిగేదీ మననే. అప్పుడు మనం ఏం చేస్తాం? షాపింగ్ యాప్ తెరిచి, స్టార్లు లెక్కపెట్టి, యాంటెన్నాలు ఎక్కువ ఉన్నది చూపించి "ఇది తీసుకోండి అంకుల్, బాగుంటుంది" అంటాం. అంకుల్ నమ్మేస్తారు. ఎందుకంటే మనం ఇంజనీరింగ్ కదా!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రౌటర్‌ని ఒక్కసారైనా కొలిచి, విప్పి చూడకుండా ఆ సలహా ఇచ్చే అర్హత మనకు లేదు. ఇంట్లో రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ బహుశా అదొక్కటే. అమ్మ యూపీఐ, నాన్న ఆఫీసు మెయిల్, తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు, అన్నీ దాని గుండానే పోతాయి. దాని లోపల ఏముందో ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలుసుకోగల చదువు చదువుతున్నది మనం. మనం కూడా "లైట్ వెలుగుతోందా, నెట్ వస్తోందా, చాలు" అని ఊరుకుంటే ఇక ఎవరు చూస్తారు?

ఉత్త మాటలు చెప్పడం ఇష్టం లేదు కాబట్టి, మొన్న సెలవుల్లో తెనాలిలో మా ఇంటికి వచ్చిన కొత్త రౌటర్ మీద నేను చేసినవన్నీ లెక్కలతో సహా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఆ ధరలో చాలా రౌటర్లు ఇలాగే ఉంటాయి, ఒక్కదాన్ని వేలెత్తి చూపడం న్యాయం కాదు.

డబ్బా మీది లెక్క

మా ఇంట్లో 150 ఎంబీపీఎస్ ప్లాన్. నెట్ డబ్బా హాల్లో ఉంటుంది. మేడ మీద గదిలో సిగ్నల్ రాదు. అందుకని నాన్న షాపుకి వెళ్ళి, షాపతను చెప్పింది విని, 1500 రూపాయల లోపు ఒక రౌటర్ తెచ్చారు. డబ్బా మీద ఇంతెత్తు అక్షరాలతో 1200 ఎంబీపీఎస్ అని ఉంది. నాలుగు యాంటెన్నాలు.

ఈ 1200 ఎక్కడిది? 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867. రెండూ కలిపితే 1167. దాన్ని 1200 చేశారు. మన ఫోన్ మామూలుగా ఒక సమయంలో ఒక బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది. అంటే ఆ 1200 ఏ ఒక్క ఫోన్‌కీ ఎప్పటికీ రాదు. "మా బస్సులో 50 సీట్లు, మా ఆటోలో 3 సీట్లు, కాబట్టి మీకు 53 సీట్ల ప్రయాణం" అన్నట్టు ఉంటుంది ఈ లెక్క.

సరే, 867 అయినా వస్తుందా? అదీ రాదు. 867 అనేది రౌటరూ ఫోనూ గాల్లో మాట్లాడుకునే గరిష్ఠ వేగం, అది కూడా రెండూ ఒకే గదిలో ఉన్నప్పుడు. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ప్రతి ముక్క అందినట్టు అవతలి వైపు నుంచి రసీదు రావాలి. ఒక్క బండే పట్టే వంతెన మీద రెండు వైపుల ట్రాఫిక్ లాంటిది. ఈ కాపలా, రసీదులు అన్నీ పోగా మన చేతికి వచ్చేది మంచి పరిస్థితుల్లో సుమారు సగం, ఇంకాస్త ఎక్కువ.

ఇంతవరకు కూడా నేను కంపెనీని తప్పుపట్టను. 1200 అబద్ధం కాదు. మనం అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం కాదు. అసలు జవాబు డబ్బా వెనక, కింది మూల, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: పోర్టులు 10/100. అంటే కేబుల్ పెట్టే పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. ఇంటర్నెట్ ఆ పోర్టు నుంచే లోపలికి రావాలి. ట్యాంకు మేడంత ఎత్తున కట్టి, దానికి నీళ్ళు నింపే గొట్టం మాత్రం చిటికెన వేలంత పెడితే ఎలా ఉంటుందో అలా. హెడర్లు పోగా ఆ పోర్టులోంచి వచ్చేది 94 ఎంబీపీఎస్. మేం నెలనెలా కడుతున్నది 150కి.

ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఉన్న ఇంట్లో ఇది. లేని ఇళ్ళ సంగతి ఆలోచించండి.

ముందు కొలవండి

స్పీడ్ టెస్ట్ యాప్ పెట్టి వచ్చిన నంబరు చూడడం రౌటర్‌ని పరీక్షించడం కాదు. అందులో మీ ప్లాన్, కంపెనీ సర్వర్, ఆ సాయంత్రం వీధిలో ఎంతమంది క్రికెట్ చూస్తున్నారు, అన్నీ కలిసిపోతాయి. రౌటర్ ఒక్కదాన్నే కొలవాలంటే ఇంటర్నెట్‌ని పక్కన పెట్టాలి. రెండు ల్యాప్‌టాప్‌లు చాలు. ఒకటి కేబుల్‌తో రౌటర్‌కి కట్టి, అందులో ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌ని సర్వర్‌గా నడపాలి. రెండోది వైఫైలో పెట్టుకుని గదిగదికీ తిరుగుతూ కొలవాలి. ఒక్కో చోట మూడుసార్లు కొలిచి మధ్యది తీసుకున్నాను.

హాల్లో, రౌటర్ ముందు, 5 గిగాహెర్ట్జ్ మీద: 94. మూడుసార్లూ 94. ఇది వైఫై హద్దు కాదు, పోర్టు హద్దు. గాల్లో ఎంత బలం ఉన్నా తీగ దగ్గర ఆగిపోయింది.

రెండు గోడల అవతల వెనక గదిలో: 5 గిగాహెర్ట్జ్ మీద 71, 2.4 మీద 38.

మేడ మీద గదిలో: 5 గిగాహెర్ట్జ్ మీద 11, 2.4 మీద 24.

ఈ చివరి లైను ఇంకోసారి చూడండి. కింద రెట్టింపు వేగం ఇచ్చిన 5 గిగాహెర్ట్జ్, స్లాబు దాటేసరికి 2.4 కన్నా వెనకబడింది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కాంక్రీటు, ఇటుక గోడలు సిగ్నల్‌ని ఎక్కువ మింగేస్తాయి. "5జీ అని ఉన్నదానికే కనెక్ట్ అవ్వండి, అదే ఫాస్ట్" అని అందరికీ చెప్పేస్తుంటాం కదా, మా మేడ మీద అది తప్పు సలహా. ఇవి మా ఇంటి అంకెలు. మీ ఇంట్లో వేరేగా వస్తాయి. అందుకే మీ ఇంట్లో మీరే కొలవాలి అంటున్నాను.

తర్వాత వైఫై ఎనలైజర్ యాప్‌తో చుట్టూ చూశాను. 2.4లో మా వీధివి 14 నెట్‌వర్కులు. ఈ బ్యాండ్‌లో చానళ్ళు ఒకదానికొకటి 5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, కానీ ఒక్కో వైఫై కనీసం 20 మెగాహెర్ట్జ్ చోటు ఆక్రమిస్తుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. మా రౌటర్ ఆటోలో 8 ఎంచుకుని, 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, అటు 6 వాళ్ళతో, ఇటు 11 వాళ్ళతో గొడవపడుతోంది. చానల్ 1కి, వెడల్పు 20కి మార్చాను. మేడ మీద 24 కాస్తా 31 అయింది. పైసా ఖర్చు లేదు.

అసలు పరిష్కారం మాత్రం అటక మీద దొరికింది. నాలుగేళ్ళ కిందట పడేసిన పాత రౌటర్ ఒకటి ఉంది. హాల్లోంచి మెట్ల వారగా మేడ మీదికి ఒక కేబుల్ లాగి, పాతదాని డీహెచ్‌సీపీ ఆపేసి, లాన్ పోర్టులో కేబుల్ పెట్టి, యాక్సెస్ పాయింట్‌గా వాడాం. మేడ మీద ఇప్పుడు 52. కొత్త రౌటర్ చెయ్యలేని పని కేబుల్ ముక్క, పాత రౌటర్ కలిసి చేశాయి. ఇల్లంతా కలిపి ఎవరికీ 94 దాటి రాదని లెక్క చూపించాక నాన్న ప్లాన్‌ని 100కి తగ్గించారు. నెలకు దాదాపు రెండొందలు మిగిలాయి. పెద్ద మొత్తం కాదు. కానీ వాడుకోలేని 50 ఎంబీపీఎస్‌కి డబ్బు కట్టడం ఎందుకు?

తర్వాత విప్పండి

ఒక వారం కొలిచి, వెనక్కి ఇవ్వాల్సిన అవసరం లేదని తేలాకే స్క్రూడ్రైవర్ తీశాను. నాన్న ఒక్కటే అడిగారు: "మళ్ళీ బిగిస్తావా?" అమ్మ అది కూడా అడగలేదు, నా చేతిలో స్క్రూడ్రైవర్ చూసి సీరియల్ అయ్యేదాకా ఆగమంది.

అడుగున రబ్బరు కాళ్ళ కింద రెండు స్క్రూలు. మిగతాదంతా ప్లాస్టిక్ క్లిప్పులు. పాత ఏటీఎం కార్డు అంచు దూర్చి తిప్పితే ఊడిపోతాయి. లోపల మొదట కనిపించింది ఏంటో తెలుసా? గాలి. బోర్డు డబ్బాలో సగం కూడా లేదు. ఆ ఆకారం, ఆ వంపులు అన్నీ షాపులో కనిపించడానికే.

బోర్డు మీద ఒక పెద్ద చిప్. 580 మెగాహెర్ట్జ్ మిప్స్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, 2.4 వైఫై, 10/100 స్విచ్, అన్నీ దాని కడుపులోనే. పక్కన 5 గిగాహెర్ట్జ్ కోసం ఇంకో చిప్. ఎనిమిది కాళ్ళ బుల్లి ఫ్లాష్ చిప్, 8 ఎంబీ. ఆపరేటింగ్ సిస్టమ్, సెట్టింగ్స్ పేజీ, మొత్తం ఆ 8 ఎంబీలోనే ఉంటాయి. మన ఫోన్ తీసే రెండు మూడు ఫొటోలంత.

యాంటెన్నాల గుట్టు కూడా ఇక్కడే తేలింది. నాలుగు వైర్లలో రెండు ఒక చిప్‌కి, రెండు ఇంకో చిప్‌కి వెళ్తున్నాయి. ఒక్కో బ్యాండ్‌కి రెండే. నాలుగు యాంటెన్నాలు చూసి నాలుగింతలు అనుకునేవాళ్ళకి ఈ వైర్లు చూపిస్తే చాలు. కేబుల్ పోర్టులు కూడా చూశాను. జాక్‌లో ఎనిమిది పిన్నులు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి డేటా మోసేవి 1, 2, 3, 6 పిన్నులు, అంటే రెండు జతలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఎనిమిదీ ఉన్నాయి కదా అని బయటి నుంచి చూసి చెప్పలేం. బోర్డు మీద గీతలు ఎటు పోతున్నాయో చూస్తే తెలిసిపోతుంది. క్లాసులో ఫిజికల్ లేయర్ అని నాలుగు పాయింట్లు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ లేయర్‌ని వేలితో తాకింది మాత్రం అప్పుడే.

నేను ఎల్‌కేజీలో ఉన్నప్పటి కెర్నెల్

బోర్డు అంచున వరసగా నాలుగు రంధ్రాలు కనిపిస్తే వదలకండి. అది దాదాపుగా సీరియల్ పోర్టు. ఫ్యాక్టరీలో పరీక్షించడానికి పెట్టుకున్న కిటికీ అది. మల్టీమీటర్‌తో గ్రౌండ్ ఏదో కనిపెట్టి, నాలుగు పిన్నులు సోల్డర్ చేసి, 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తగిలించాను. మూడు వైర్లు చాలు, పవర్ పిన్ కలపకూడదు. 5 వోల్టుల అడాప్టర్ పెడితే చిప్ కాలిపోవచ్చు. వేగం 115200కి పెట్టి రౌటర్ ఆన్ చేస్తే, స్క్రీన్ మీద అక్షరాలు జలపాతంలా దిగాయి. బూట్‌లోడర్, ఆ తర్వాత లైనక్స్.

అవును, ఆ 1500 రూపాయల డబ్బాలో లైనక్స్ నడుస్తోంది. మన ఓఎస్ ల్యాబ్‌లో ఉన్నదే. వెర్షన్ చూసి మాత్రం నవ్వు ఆగలేదు: 2.6.36. ఆ కెర్నెల్ విడుదలైంది 2010 అక్టోబరులో. అప్పుడు నేను ఎల్‌కేజీ. మొన్న సీల్ చించిన వస్తువులో, నాకు ఏ బీ సీ డీలు నేర్పుతున్న కాలంనాటి కెర్నెల్.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. పాత వెర్షన్ నంబరు ఉన్నంత మాత్రాన అన్ని కన్నాలూ అలాగే ఉన్నాయని కాదు. చిప్ కంపెనీ, రౌటర్ కంపెనీ అవసరమైన ప్యాచ్‌లు వెనక్కి తెచ్చి కలిపి ఉండొచ్చు. కానీ కలిపారో లేదో కొన్నవాళ్ళకి తెలిసే దారి డబ్బా మీద లేదు. సబ్బు మీద కూడా తయారీ తేదీ ఉంటుంది. రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ ఏనాటిదో, ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారో రాయరు. నా ఫిర్యాదు అదీ.

"ఎవరి కంపెనీ రహస్యం వాళ్ళది, విప్పి చూడడానికి మనమెవరం?" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకోసం ఒక పాత కథ. 2002 చివర్లో అమెరికాలో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటర్ తెచ్చింది. నీలం, నలుపు రంగుల్లో రెండు యాంటెన్నాలతో ఉండేది. 2003లో కొందరు ప్రోగ్రామర్లు దాని సాఫ్ట్‌వేర్ తవ్వి చూస్తే లోపల లైనక్స్ దొరికింది. లైనక్స్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంటుంది. దాన్ని మార్చి, వస్తువులో పెట్టి అమ్మితే, ఆ సోర్స్ కోడ్‌ని కొన్నవాళ్ళకి ఇవ్వాలి. నలుగురూ గట్టిగా అడిగేసరికి కంపెనీ కోడ్ విడుదల చేసింది. ఆ కోడ్ పునాదిగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది. ఈ రోజు కొన్ని వందల రకాల రౌటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి దాన్ని వేసుకోవచ్చు. కంపెనీ వదిలేసిన రౌటర్‌కి కూడా కొత్త కెర్నెల్, కొత్త ప్యాచ్‌లు వస్తాయి.

ఇంకో ముచ్చట. 2005లో అదే రౌటర్ 5వ వెర్షన్‌లో ర్యామ్, ఫ్లాష్ సగానికి తగ్గించి, లైనక్స్ తీసేసి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టారు. లైనక్స్ కావాలనే జనం ఎంతమంది ఉన్నారంటే, పాత హార్డ్‌వేర్‌తోనే పేరు చివర ఎల్ తగిలించి మళ్ళీ అమ్మాల్సి వచ్చింది. అంటే విప్పి చూసేవాళ్ళు తగినంతమంది ఉంటే కంపెనీ వింటుంది. మా కొత్త రౌటర్‌తో వచ్చిన కరపత్రంలో కూడా చివర జీపీఎల్ అని ఒక పేరా ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో ఊరుకోకుండా అడగడం వల్ల మన దాకా వచ్చిన హక్కు అది. మనం ఆ పేరా చదవం, డబ్బాతో పాటు పాత సామాన్లవాడికి వేసేస్తాం.

తాళం ఉంది, తాళంచెవి వీధికంతా తెలుసు

ఇప్పుడు భద్రత. మన ఊళ్ళలో నెట్ బిగించడానికి వచ్చే అబ్బాయి వైఫై పాస్‌వర్డ్ ఏం పెడతాడు? ఇంటి యజమాని మొబైల్ నంబర్. గుర్తుంటుంది, అడిగినవాళ్ళకి చెప్పడం తేలిక. ఇది ఎంత గట్టి తాళమో మనం క్లాసులో నేర్చుకున్న లెక్కతోనే చూడొచ్చు. మన దేశంలో మొబైల్ నంబర్ పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లో ఒకటి. అంటే మొత్తం అవకాశాలు 400 కోట్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ వైఫైకి ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే పలకరింపుని ఎవరైనా పట్టుకుంటే, తర్వాత తీరిగ్గా తమ కంప్యూటర్లో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించవచ్చు. ఇప్పటి మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 10 లక్షల దాకా ప్రయత్నిస్తుంది. 400 కోట్లను 10 లక్షలతో భాగిస్తే 4000 సెకన్లు. గంటా ఏడు నిమిషాలు. ఒక సినిమా ఇంటర్వెల్‌కి వచ్చేలోపు. అసలు అంత కష్టం కూడా అక్కర్లేదు, నాన్న నంబర్ పాలబ్బాయికి కూడా తెలుసు.

రౌటర్లలో డబ్ల్యుపీఎస్ అనే సదుపాయం ఉంటుంది, ఎనిమిది అంకెల పిన్‌తో కనెక్ట్ అవ్వడానికి. ఎనిమిది అంకెలంటే 10 కోట్ల అవకాశాలు అనుకుంటాం. 2011 చివర్లో బయటపడిన సంగతి ఏంటంటే, రౌటర్ ఆ పిన్‌ని రెండు ముక్కలుగా చూస్తుంది. మొదటి నాలుగు అంకెలు సరిపోయాయో లేదో ముందే చెప్పేస్తుంది. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేదే. అంటే 10,000 కలిపి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు. 10 కోట్లు కాస్తా 11 వేలు అయిపోయాయి. అల్గారిథమ్స్ క్లాసులో ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను వినలేదు. ఆ తర్వాత కంపెనీలు తప్పు ప్రయత్నాలకి అడ్డుకట్టలు పెట్టాయి. అయినా మా కొత్త రౌటర్లో అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది. ఆపేశాను.

"మా ఇంట్లో దొంగిలించడానికి ఏముంది?" అని అడుగుతారు. దొంగకి మీ ఫైళ్ళు అక్కర్లేదు, మీ రౌటరే కావాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసింది అదే. సుమారు 60 డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల లిస్టు పట్టుకుని ప్రపంచంలోని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల తలుపులు తట్టింది. తెరుచుకున్నవాటిని సైన్యంలా కూడగట్టింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి సైన్యం డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. నవంబరులో జర్మనీలో దాదాపు 9 లక్షల ఇళ్ళ రౌటర్లు పడిపోయాయి. దూరం నుంచి రౌటర్లని నిర్వహించడానికి వాడే 7547 పోర్టు మీద జరిగిన దాడి అది. మిరాయ్ రాసినవాళ్ళలో ఒకరు అప్పటికి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విద్యార్థి. మనలాంటివాడే. చదువు రెండు వైపులా పనికొస్తుంది, ఏ వైపు నిలబడాలన్నదే మన చేతిలో ఉంది.

అందుకే ఒక గీత గట్టిగా గీస్తున్నాను. నేను చెప్పినవన్నీ సొంత రౌటర్, సొంత నెట్‌వర్క్ మీదే. పక్కింటి వైఫై మీద "ఊరికే చూద్దాం" అన్నా ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా చాలా చోట్ల వాళ్ళ ఆస్తి, దాన్ని విప్పకండి. ఫైబర్ వైరు చివర్లోకి కన్ను పెట్టి చూడకండి, ఆ లేజర్ కంటికి కనపడదు. 230 వోల్టుల అడాప్టర్ జోలికి అసలు పోకండి. రౌటర్ బోర్డు మీద ఉండేది మహా అయితే 12 వోల్టులు, మన సరదా అక్కడికే పరిమితం.

"ఇదంతా ఎవడికి టైముంది?"

ఈ ప్రశ్న నాకు హాస్టల్లో రోజూ ఎదురైంది. ప్లేస్‌మెంట్‌కి కోడింగ్ ప్రాబ్లమ్స్ చెయ్యాలి, ఇంటర్న్‌షిప్ వెతకాలి, రౌటర్ విప్పితే రెజ్యూమేలో ఏం రాస్తావు అని. నిజంగా మంచి ప్రశ్నే. నా జవాబు ఇదీ. కొలవడానికి నాకు పట్టింది ఒక ఆదివారం మధ్యాహ్నం. విప్పి, సోల్డర్ చేసి, బూట్ లాగ్ చూడడానికి ఇంకో రెండు సాయంత్రాలు. ఆ మూడు పూటల్లో ప్రాసెసర్, ఫ్లాష్, బూట్‌లోడర్, కెర్నెల్, డీహెచ్‌సీపీ, చానళ్ళు, లైసెన్స్, పాస్‌వర్డ్ గణితం, అన్నీ ఒకే టేబుల్ మీద కలిసి కనిపించాయి. నాలుగేళ్ళలో ఎనిమిది వేర్వేరు సబ్జెక్టులుగా వచ్చేవి అవి. పరీక్ష అయ్యాక ఏ సబ్జెక్టు ఇంకోదాన్ని పలకరించదు. రౌటర్లో మాత్రం అన్నీ ఒకే ఇంట్లో ఉంటాయి.

వారంటీ పోతుంది అనేది రెండో అభ్యంతరం. పోవచ్చు. అందుకే కొత్తదాన్ని కొలవండి, పాతదాన్ని విప్పండి. వారంటీ అయిపోయిన రౌటర్ లేని ఇల్లు మన ఊళ్ళలో ఉందా? అటక మీదో, టీవీ స్టాండు వెనకో కచ్చితంగా ఒకటి ఉంటుంది. నేను కొత్తదే విప్పాను, ఎందుకంటే ఇంట్లో నడుస్తున్నదాని లోపల ఏముందో నాకు కావాలి. అది నా లెక్క, మీ లెక్క మీరు చూసుకోండి.

మూడో అభ్యంతరం కొంచెం లోతైనది: "అన్నిటినీ విప్పి చూసి వాడతామా? ఫ్రిజ్ విప్పామా, మిక్సీ విప్పామా?" విప్పక్కర్లేదు. ఇంట్లో ఒకరికి తెలిస్తే చాలు. మిక్సీ పాడైతే బజార్లో బాగుచేసే అతను ఉన్నాడు, అతను దాన్ని వంద సార్లు విప్పి చూసినవాడు. అందుకే అతని మాట నమ్ముతాం. రౌటర్‌కి మా వీధిలో అలాంటి మనిషి లేడు. మా వీధి దృష్టిలో ఆ మనిషి నేనే. మీ వీధిలో మీరే.

మన కాలేజీలో ఏం చెయ్యొచ్చు

నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో సిమ్యులేటర్ ఉంది. మంచిదే. కానీ సిమ్యులేటర్లో గోడలు ఉండవు, స్లాబు ఉండదు, వీధిలో 14 నెట్‌వర్కులు ఉండవు. ల్యాబ్‌లో ఒక అట్టపెట్టె పెడదాం. సెలవులకి ఇంటికి వెళ్ళిన ప్రతి ఒక్కరం ఒక పాత రౌటర్ తెద్దాం. ఈసీఈ వాళ్ళ దగ్గర సోల్డరింగ్ ఐరన్లు, మల్టీమీటర్లు ఉన్నాయి, మన దగ్గర లైనక్స్ వచ్చినవాళ్ళు ఉన్నారు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు కలిసి కూర్చుంటే చాలు. బతికేవాటికి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసి హాస్టల్లో సిగ్నల్ అందని మూలలకి ఇద్దాం, పర్మిషన్ తీసుకునే. బతకనివాటిని ఈ-వేస్ట్‌కి పంపిద్దాం.

ఇది లిటరరీ క్లబ్ పత్రికలో ఎందుకు రాస్తున్నాను అంటే దానికీ కారణం ఉంది. నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. ఈ లెక్కలన్నీ నాకు ఇంగ్లీషులోనే వచ్చు. కానీ నాన్నకి 94 ఎందుకు 150 కాదో తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు, "బ్యాండ్‌విడ్త్, త్రూపుట్" అని తప్పించుకునే వీల్లేకపోయింది. గొట్టం, ట్యాంకు, వంతెన అని వెతుక్కోవాల్సి వచ్చింది. అలా వెతుక్కుంటుంటే నాకే సరిగ్గా అర్థమైంది. అమ్మకి చెప్పలేనిది మనకి పూర్తిగా రానట్టే.

పాస్‌వర్డ్ విషయంలో తెలుగు ఇంకా నేరుగా పనికొచ్చింది. ఫోన్ నంబర్ తీసేసి, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లో కలిపి పెట్టాం. నిఘంటువు తెరిచి కళ్ళు మూసుకుని వేలు పెట్టి ఎంచుకున్నాం, సామెతలూ పాటలూ పెట్టకూడదు, ఊహించేస్తారు. గుమ్మడికాయ, తుఫాను, అటక, జేబు లాంటివి (మావి ఇవి కావు లెండి!). పొడుగ్గా ఉంది, అమ్మకి గుర్తుంటుంది, పాలబ్బాయికి తెలీదు.

ఇక మీదట ఎవరైనా "ఏ రౌటర్ కొనాలి?" అని అడిగితే ముందు మనమే నాలుగు ప్రశ్నలు అడుగుదాం. మీ ప్లాన్ ఎంత? ఇల్లు ఎంత, మధ్యలో స్లాబు ఉందా? పోర్టులు గిగాబిటా, 10/100ఆ? అప్‌డేట్లు ఎన్నాళ్ళు ఇస్తామని కంపెనీ చెప్పింది? వీటికి జవాబులు వచ్చాక, సగం మందికి కొత్త రౌటర్ కాదు, పదిహేను మీటర్ల కేబుల్ చాలని తేలవచ్చు. షాపతను ఆ మాట చెప్పడు, అతని వ్యాపారం అది. మనం చెప్పొచ్చు. కాకపోతే చెప్పేముందు ఒక్కసారి మన ఇంట్లో కొలిచి ఉండాలి.